తవుడు మోసిన కాంక్లెస్

పేరు చెబితే నోరు తిరగదని నవ్వుకుంటారేమో గానీ, నన్ను కాంక్లెస్ అంటారు. లిథువేనియా దేశపు వాయిద్యాన్ని; ఒళ్ళో పెట్టుకుని మీటడానికి ఐదంటే ఐదే తీగలు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు కొట్టిన చెట్టుతో చేస్తేనే మా గొంతు పలుకుతుందని అక్కడి పెద్దల నమ్మకం. అలా ఓ ముసలమ్మ పోయినప్పుడు, ఆవిడ మొగుడు ఏడుస్తూనే దుంగ తొలిచి నన్ను చేశాడు.

ఆయన తర్వాత ఆ ఇంట్లో వాయించేవాళ్ళు లేకపోయారు. మనుషుల తెలివి చూడండి, నా పైచెక్క ఊడిపోగానే లోపలి గుంట చూసి ముచ్చటపడి, కోళ్ళకు తవుడు పోశారు. నిజం చెప్పొద్దూ, కోళ్ళు మంచి శ్రోతలే. ముక్కులతో తాళం కూడా వేసేవి.

అక్కణ్ణుంచి నన్ను లేవదీసింది ఆ ముసలాయన మునిమనవరాలు ఐస్తె. బస్సు నడుపుతుంది. ఆమె తల్లి ఎల్జె, పిన్ని బార్బోరా కలిసి పాత పాటలు పాడేవారు. వాటికి రెండు గొంతులు కావాలి. ఒకరు ఒకటి పాడుతుంటే, రెండోవారు అడ్డం పడ్డట్టు ఇంకోటి పాడాలి. ఎల్జె పోయాక బార్బోరా మరి పాటకు నోరు విప్పలేదు. పిన్నితోపాటు ఆ పాటలూ పోతాయని ఐస్తెకు ఒకటే బెంగ.

కొత్త పైచెక్క అతికించి, తీగలు బిగించి, చెవికి ఇంపుగా శ్రుతి చేసింది. నా గొంతుకు నేనే మురిసిపోయాను. పిన్ని విని పెదవి విరిచింది.

"తేనె పోసినట్టుందే. మీ అమ్మా నేనూ ఎప్పుడైనా ఇలా పాడామా?"

"మరెలా ఉండాలి పిన్నీ?"

"పక్కపక్క తీగలు కీచులాడుకోవాలే. మీ అమ్మ గొంతు నా గొంతును మోచేత్తో పొడిచేది."

ఐస్తె ఒక తీగ వదులు చేసింది, ఇంకోటి బిగించింది. పిన్ని ఇంకా, ఇంకా అంటూ చెయ్యి ఊపింది. చివరికి రెండు తీగలు ఒకదాన్నొకటి రాసుకుని ఝుమ్మన్నాయి. ఇదేం గోలరా నాయనా అనుకున్నాను. బార్బోరా మాత్రం నిటారుగా కూర్చుంది.

ఐస్తె తల్లి వంతు నా మీద మీటింది. కాసేపటికి పిన్ని పెదవులు కదిలాయి, ఆపైన గొంతు లేచింది. మొదట వణికింది, తర్వాత నన్ను తోసుకుంటూ నడిచింది. ఇన్నాళ్ళూ ఉట్టి తవుడు మోసిన నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పాట అయ్యేసరికి ఐస్తె కళ్ళు తుడుచుకుంటోంది. బార్బోరా నా వైపు గుడ్లురిమింది.

"ఎప్పుడూ ఇంతే అక్కా నువ్వు, నాకంటే ముందే ముగించేస్తావు. మళ్ళీ మొదలుపెట్టు."