దారిలో లేదు

"నానమ్మా, అమ్మ ఒక్క మిషన్ కూడా చెయ్యట్లేదు!" అని ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి హాల్లోంచి కేకేసింది.

"వెయ్యట్లేదా? దుప్పట్లన్నీ అలాగే పడున్నాయా?" అంటూ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి వాషింగ్ మిషన్ దగ్గరికి పరుగెత్తింది. చూస్తే దుప్పట్లు అందులో గిరగిరా తిరుగుతున్నాయి. నేనూ తిరుగుతున్నాను, టీవీ ముందు కూర్చుని, ఎర్రకారులో, లేని ఊళ్ళో.

అమ్మాయి చెప్పిన మిషన్ వేరు. అది టీవీలో ఆడుకునే కార్ల ఆటలో ఊరు ఊరంతా మన ముందు పరిచి ఉంటుంది. సందు సందునా పచ్చబాణాలు మెరుస్తుంటాయి. బాణం దగ్గర ఆగితే ఎవడో ఒకడు పని పురమాయిస్తాడు. ఈ పెట్టె రేవుకి చేర్చు, ఆ మనిషిని స్టేషన్లో దింపు, నాలుగు నిమిషాల్లో రా. అదే మిషన్. చేస్తే పాయింట్లు. "చేస్తేనేగా అమ్మా గెలిచేది!" అని దాని గోల. ఓసి పిచ్చిమొద్దూ, దింపడం, తేవడం, టైముకి రావడం... పద్దెనిమిదేళ్ళుగా పాయింట్లు లేకుండా నేనాడుతున్న ఆట అదే కదే!

అందుకే బాణాల్ని దాటుకుంటూ పోతాను. ఫ్లైఓవర్ ఎక్కితే నిజంగానే ఫ్లై, ఆపైన కథ ఓవర్. స్తంభాన్ని గుద్దితే తప్పు తనదే అన్నట్టు స్తంభమే వంగుతుంది. కారు సొట్ట దానంతటదే పోతుంది. "బ్రేకు, బ్రేకు" అంటూ డాష్‌బోర్డు పట్టుకునే చెయ్యి పక్క సీట్లో ఉండదు. సముద్రం పక్క రోడ్డులో సూర్యుడు ఎదురొస్తాడు. ఎక్కడికని ఆయనా అడగడు.

నాకు అసలు కారు నడపడం రాదనుకునేరు. మా ఇంట్లో నడిపేది నేనే. "మీ ఆయన ఎంత మంచివాడో, కారు నీకే వదిలేశాడు!" అని చుట్టాలంతా మెచ్చుకుంటారు. వదిలేశాడు, కారుతోపాటు సవాలక్ష కారణాలు కూడా. తాళం చెవి చప్పుడైతే చాలు, ఇంటిల్లిపాదికీ చెవులొస్తాయి. "దారిలోనేగా, నా కళ్ళజోడు తెచ్చెయ్యమ్మా" అని అత్తయ్య. "దారిలోనేగా, ఇస్త్రీ బట్టలు" అని ఆయన. ఆఫీసులో మేనేజరు సైతం, "మేడమ్, మీకు దారిలోనేగా, ఈ ఫైళ్ళు బ్రాంచిలో ఇచ్చెయ్యండి, మన ప్యూను బైకు మీద వెళ్తే ఎండకి మాడిపోతాడు" అంటాడు. ఊరికి అటు చివరా ఇటు చివరా నా దారిలోనే ఉంటాయి. నా దారే ఎక్కడా కనబడదు.

ఆ పూట దుప్పట్లు ఆరేసి తాళం చెవి తీశాను.

"ఎక్కడికి?" అన్నాడాయన పేపరు దించకుండానే.

"ఎక్కడికీ కాదు."

"సరే, దారిలోనేగా, వస్తూ వస్తూ..."

"దారిలో లేదండీ."

పేపరు దిగింది. "ఏం తేవాలో వినకుండానే దారిలో లేదంటావేంటి?"

"ఎటు వెళ్తున్నానో నాకే తెలీదు. ఇంక దారెక్కడిది?"

ఫోను ఫ్రిజ్ మీదే వదిలేశాను. ఎర్రదీపం పడ్డ ప్రతిచోటా బుద్ధిగా ఆగాను, ఇక్కడి స్తంభాలు వంగవు మరి. రైలు గేటు దాటాను, ఇటుక బట్టీలు దాటాను. అద్దాలు దించి గొంతెత్తి పాడాను. అపస్వరమని ఒక్కరూ అనలేదు. చెరువు గట్టున ఇంజను ఆపి ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో! చేతులు చాలాసేపు సంచీ కోసం తడుముకున్నాయి.

మూడు గంటల తర్వాత తిరిగొస్తే ఇంట్లో పంచాయితీ. అలిగి వెళ్ళాననుకుని ఆడపడుచు వచ్చేసింది. పుట్టింటికీ రాలేదని మా అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. "డాక్టరేమైనా అన్నాడా తల్లీ, రిపోర్టులు దాచుకున్నావా?" అని అత్తయ్య కళ్ళొత్తుకుంది. "నేనేమన్నానని?" అని ఆయన అందరి మొహాలూ చూస్తున్నాడు.

ఆడది పని లేకుండా గడప దాటిందంటే కోపమైనా ఉండాలి, రోగమైనా ఉండాలి. మూడోది ఉండొచ్చని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. "నాకెవరిమీదా కోపం లేదు. గుండ్రాయిలా ఉన్నాను. ఎవర్నీ కలవలేదు, ఏమీ కొనలేదు. కారు నడిపాను. బాగుంది."

"అంతేనా?" అన్నారు నలుగురూ.

"అంతే. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను. వెతక్కండి."