మధ్య చరణం

ఈ దీవుల్లో, గరాచర్మ అనే ఊళ్లో, మా తెలుగు చర్చికి తాళాలు తీసేదీ వేసేదీ నేనే. నోరు విప్పే అవసరం లేని పని కాబట్టి నాకు నచ్చింది. సాయంత్రాలు చర్చి హాల్లో మా సంఘం అమ్మాయి లవీనా తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే గది. హాలు పోతే ట్యూషన్ పోయినట్టే. క్రిస్మస్ దగ్గర పడుతోంది, పాటల ప్రాక్టీసుకు హాలు కావాలని సెక్రటరీ లాయిడ్ పట్టుబట్టాడు. చివరికి, పిల్లలు ఏం నేర్చుకున్నారో కమిటీ వచ్చి చూసి తేలుస్తుందన్నారు.

ఆ వారమే లవీనా బీజగణితం మొదలుపెట్టింది. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్. నేలమీద సుద్దతో పెద్ద చదరం గీసింది. ఒక మూల ఎ చదరం, దాని ఎదురు మూల బి చదరం. మిగిలిన మూలల్లో రెండు పొడుగు ముక్కలు.

"ఇవి ఒక్కోటీ ఎబి. రెండూ కలిస్తే టూ ఎబి. వీటిని వదిలేస్తే గది సగం ఊడ్చి వచ్చేసినట్టే," అంది.

పిల్లలు తలలూపారు. మర్నాటికి ఆ ముక్కలు రెండూ మరిచిపోయారు. తాత నేల తుడిచేశాడు, అందుకే పోయాయి అని నామీద పెట్టారు.

దాంతో ఆమె ఆ సూత్రాన్ని మా కోతపండుగ కీర్తన రాగంలో పెట్టింది. మొదటి చరణం ఎ స్క్వేర్, రెండోది టూ ఎబి, మూడోది బి స్క్వేర్. ఇక ఎవరూ మరవలేదు.

కమిటీ వచ్చింది. పిల్లలు పాట ఎత్తుకోగానే, సంఘంలో అందరికంటే పెద్దావిడ జ్ఞానవతమ్మ నెత్తిన చెంగు కప్పుకుని లేచింది. ఆ రాగం వింటే నిలబడటం ఆవిడకు అలవాటు. ఆవిడ నిలబడితే మిగతావాళ్లు కూర్చోలేరు. నేనూ లేచాను.

మొదటి చరణం కాగానే లాయిడ్ వాచీ చూసుకున్నాడు.

"అరే బచ్చా లోగ్, బస్సు టైమైపోతోంది. లాస్టుది పాడి ముగించేయండి."

మా దగ్గర అది మామూలే. ఆరాధన ఆలస్యమైతే మధ్య చరణాలు వదిలేసి చివరిది అందుకుంటాం. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పిల్లలు నేరుగా బి స్క్వేరులోకి వెళ్లిపోయారు.

"ఆమెన్," అంది జ్ఞానవతమ్మ.

"బహుత్ అచ్ఛా!" అన్నాడు లాయిడ్. "ఇప్పుడు నేనో లెక్క ఇస్తా. ఎ మూడు, బి నాలుగు. ఎంత?"

పిల్లలు మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు కలిపేశారు.

"ఇరవై ఐదు!"

"శభాష్! నాకూ అంతే వచ్చింది."

కమిటీ చప్పట్లు కొట్టింది. నేను లవీనా వంక చూశాను. ఊరుకుంటే హాలు ఆమెదే.

"కాదంకుల్," అంది. "మూడూ నాలుగూ ఏడు. ఏడేళ్లు నలభై తొమ్మిది."

"అరే, మరి మిగతా ఇరవై నాలుగూ ఎటు పోయిందమ్మా?"

"మీరు వద్దన్న చరణంలో ఉంది."

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నాకది హాయిగా అనిపించింది. జ్ఞానవతమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

"ఒరే లాయిడూ, ఒక్క చరణం వదిలితే సగం లెక్క పోయిందంటోంది పిల్ల. మరి ఇన్నేళ్లూ దేవుడికి మనం వదిలేసినవో?"

"అది వేరు పెద్దమ్మా. ఇది మేథ్స్."

"ఆయనకు మేథ్స్ రాదనుకున్నావా? నువ్వు బస్సు చూసుకుంటూ కూచున్నావు, పైన ఆయన కూడుతూ కూచున్నాడు!"

కమిటీవాళ్లు తలలు దగ్గర పెట్టారు. ఇకమీదట ప్రతి కీర్తనా పూర్తిగా పాడాలని అప్పటికప్పుడే తీర్మానించారు. కళ్లు తెరిపించినందుకు లవీనాకు వందనాలు చెప్పారు. తీరా చూస్తే మధ్య చరణాలు ఎవరికీ రావు. నేర్చుకోవాలంటే రోజూ ప్రాక్టీసు చేయాలి. ప్రాక్టీసుకు హాలు కావాలి.

లవీనా ట్యూషన్ ఇప్పుడు చర్చి వెనక, నా గది వరండాలో. లోపల పాట లేస్తే ఆమె గొంతు పెంచాలి.

"జీవానందం తాతా, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది కదా?" అని మొన్న అడిగింది.

"నన్నడిగితే ఎవరికైనా అదే చెబుతాను," అన్నాను.

పిల్లలకు చోటు చాలడం లేదని నా మంచం ఎత్తి వాకిట్లో వేసుకున్నాను.