కాపీలో లేని వాక్యం

ఆ ప్రెస్సులో ఆయన ప్రూఫులు దిద్దేవాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు కాబట్టి అందరూ మూగమాస్టారు అనేవాళ్ళు. ఆయనకెదురుగా కూర్చుని, కాపీ అనే మూలప్రతిని పైకి చదివే ఆవిడ చేరి ఆరేళ్ళయింది. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా ఆవిడ చదువుతూంటే, ఆయన ప్రూఫు మీద పెన్సిలు కొన నడిపిస్తూ తప్పులు పట్టుకునేవాడు. అలా ఎనభై పుస్తకాలు చదివారు. సొంత మాటలు మాత్రం నాలుగైనా మాట్లాడుకున్నారో లేదో.

ఆ నెల ఒక పాత నవల వచ్చింది. మూడు తరాలు చదివిన నవల, మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ఒకే ఇంట్లో ఐదుగురు, ఎవరి గది వాళ్ళది. మామగారు గోడ గడియారంతో మాట్లాడతాడు. పెద్దకోడలు తనకు తానే ఉత్తరం రాసుకుని, పోస్టులో వేసి, అది ఇంటికి రాగానే ఆత్రంగా చింపి చదువుకుంటుంది.

చదువుతూ చదువుతూ ఆవిడ ఆ ఉత్తరం దగ్గరికి వచ్చింది.

"ఎలా ఉన్నావు, ప్రశ్నార్థకం. బాగానే ఉన్నాను, ఫుల్‌స్టాప్," అని చదివింది. మళ్ళీ అదే గొంతుతో, "మా అమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు, ఫుల్‌స్టాప్," అంది.

ఆయన పెన్సిలు వరస పొడుగునా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఆ వాక్యం ఇక్కడ పడలేదండీ. ఎగిరిపోయినట్టుంది," అన్నాడు, పక్కన గుర్తు పెట్టబోతూ.

"కాపీలోనూ లేదు లెండి."

ఆయన తలెత్తాడు. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు? రెండ్రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చాక మీరు 'నూట పన్నెండో పేజీ' అన్నారు. చదివాను."

నిజమే. ఆ రెండ్రోజులూ పని ఆగిపోయిందని విసుక్కున్నాడు కూడా. సిగ్గుతో చచ్చిపోయాడు. ఏదో ఒకటి అనాలని గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఎవరూ లేరండీ. ఆదివారాలు మనిషి గొంతు వినపడదు. సోమవారం మీరు చదవడం మొదలుపెట్టేదాకా."

ఆరేళ్ళలో అంత పొడుగు మాట ఆయన నోట రాలేదు. ఆవిడ పుస్తకం మూసింది.

"అమ్మ మంచం ఇంకా గదిలోనే ఉంది. కింద వాటాలో నర్సు తీసుకుంటానంది. ఇనప మంచం, ఒక్కదాన్నీ కదపలేకపోతున్నాను. ఈ ఆదివారం వస్తారా?"

వెళ్ళాడు. మూడంతస్తుల ఇరుకు మెట్లు. "కాస్త మీ వైపు", "ఎత్తండి", "అయ్యో, వేలు జాగ్రత్త!" అనుకుంటూ దింపారు. పనున్నంతసేపూ మాటలకు లోటు రాలేదు. పైకొచ్చి టీ తాగుతుంటేనే తడుముకోవాల్సి వచ్చింది.

"చక్కెర సరిపోయిందా?"

"సరిపోయిందండీ."

ఆవిడ కప్పు పట్టుకునే లేచి అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడింది. "గది ఇంత పెద్దదని తెలీదు," అంది. భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది.

ఓదార్చడమనేది ఆయన పుస్తకాల్లో చదివాడే గాని ఎన్నడూ చేసి ఎరగడు. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి, ఆ ఖాళీ గదిలో గోడకానుకుని కింద కూర్చున్నాడు. ఆవిడ ఏడుపు తగ్గేదాకా అక్కడే ఉన్నాడు.

బయల్దేరేటప్పుడు ఆవిడ, "ఇక కదపాల్సినవేమీ లేవండీ," అంది.

"అయినా రానా?"

"తెలీదండీ. ఈ గదిలో ఒక్కదాన్నే ఎలా ఉండాలో ముందు నేర్చుకోవాలి. తర్వాత అడగండి."

సరేనని దిగిపోయాడు. వీధి నిండా జనం, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, నవ్వుకుంటూ పోయేవాళ్ళు. బస్సు కోసం ఆగకుండా నడిచాడు. దారి పొడుగునా అరిచేతుల్లో మంచం తుప్పు వాసన వస్తూనే ఉంది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు కడుక్కోలేదు.