గోడకి ఆవిరి

అయినా తెలుపుని తెలుపు అనడానికి తొమ్మిదేళ్లు పట్టిన మనిషి నేను కాక ఇంకొకరు ఎక్కడైనా ఉంటారా, ఉంటే ఒక్కసారి వెతికి పట్టుకోవాలి, ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకోవాలి, అనుకుంటూ వంటగదిలో స్టూలు మీద నిలబడి ఉన్నాను. ఒక చేతిలో గుడ్డ, రెండో చేతిలో బుసలు కొడుతున్న యంత్రం.

యంత్రమంటే పెద్దదేమీ కాదు. ఇస్త్రీపెట్టెకీ టీ కెటిలుకీ పుట్టిన పిల్లలా ఉంటుంది. పొద్దున్న మా ఆడపడుచు ఆఫీసుకి పోతూ పోతూ తెచ్చి బల్ల మీద పెట్టింది. నాకంటే ఆరేళ్లు చిన్నది. నాకు ఏదైనా నేర్పే అవకాశం వస్తే మాత్రం ఆ ఆరేళ్లూ అటునుంచి ఇటు తిరిగిపోతాయి.

"వదినా, బాగా విను. ఈ చిన్న గ్లాసుతో ఒక్క గ్లాసే నీళ్లు. మూత గట్టిగా బిగించు. ఎర్ర దీపం ఆకుపచ్చగా మారేదాకా ముట్టుకోకు. మొదట్లో నీళ్లు ఉమ్ముతుంది, అది సింకులోకి వదిలెయ్. లోపల ఆవిరి ఉండగా మూత తిప్పావనుకో, మొహం ఉడికిపోతుంది. అన్నయ్య గుర్తుపట్టడు."

"ఇప్పుడు మాత్రం చూస్తున్నారా ఏంటి?"

"అది మీ ఇంటి గొడవ. నాకు ఆదివారానికి యంత్రం వెనక్కి కావాలి, అంతే."

నిజానికి ఈ రోజు నా పని గోడలు కడగడం కాదు. నా పని కిటికీ గట్టు మీద ఉంది. అరచేతిలో సగం ఉండే కోటు గుడ్డ ముక్క, దానికో చిరుగు, పక్కన మూడు దారపు ఉండలు. ఉండలన్నీ బూడిద రంగే. ఒక్కోదానికీ ఒక అంకె చీటీ. దాని వంక చూడకుండా ఉండటానికే యంత్రం చేతబట్టాను. మనసు తప్పించుకోవాలనుకున్నప్పుడు ఎంత కష్టమైన పనినైనా వెతికి పెడుతుంది. ఈసారి ఏకంగా గోడని చూపించింది.

ఆ ముక్క ఇచ్చింది రెండు కళ్లజోళ్లాయన. మెయిన్ రోడ్డు మలుపులో, చిరుగులు కనబడకుండా కుట్టి ఇచ్చే షాపు ఆయనది. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకొకటి నుదుటి మీద. రెండూ ఉన్నా ఇప్పుడు బూడిదలో తేడాలు అందడం లేదట. అందుకే మనిషి కావాలన్నాడు. నేనూ వెళ్లాను.

"అమ్మా, కుట్టు ఎవరైనా నేర్చుకుంటారు. రంగు నేర్పితే వచ్చేది కాదు," అన్నాడు. "ఈ మూడింట్లో ఒక్కటే దీనికి సరిపోయేది. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా నాలుగు కుట్లు వేసి పట్రండి. నా కళ్లతో కాదు, వేలుతో చూస్తాను, మా ఆవిడ చేత చూపిస్తాను, వీధిలో పోయేవాణ్ణి పిలిచి చూపిస్తాను. కుట్టు దొరికిందా, మీ దారి మీది. దొరకలేదా, సోమవారం నుంచి ఆ కుర్చీ మీది."

ఆ కుర్చీ ఉత్తరపు కిటికీ పక్కన ఉంది. చేతులు అరిగి నున్నబడ్డ చెక్క కుర్చీ. దాని మీద పడుతున్న వెలుగుని చూసి నాకు ఆకలి వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆకలే.

"ఇంకొకావిడకి కూడా ఇదే ముక్క ఇచ్చాను. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను అనొద్దు," అన్నాడాయన.

ఇంటికి వస్తూ బస్సులోనే నా కంటికి రెండో నంబరు అనిపించింది. అనిపించడం కాదు, కనిపించింది. ఇంటికి వచ్చాక అలవాటు ప్రకారం మా ఆయనకి చూపించాను. ఆయన దీపం వేసి, ముక్కని దగ్గరగా ఒకసారీ దూరంగా ఒకసారీ పట్టుకుని, "మూడు," అన్నారు. అంతే, అప్పటినుంచి రెండు రెండులా లేదు. మూడు మూడులా లేదు. మూడు రోజులుగా నా ఎదుట మూడు ఉండలూ ఎవరి మొహం ఎవరిదో మరిచిపోయిన అక్కచెల్లెళ్లలా కూర్చుని ఉన్నాయి. ఇవాళ శుక్రవారం.

ఈ చూపించే అలవాటు గోడ దగ్గరే మొదలైంది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో స్టవ్వు వెనక టైల్స్ తెల్లవని నాకు గుర్తు. ఏడాది తర్వాత, "పచ్చబడిపోయాయండీ," అన్నాను. "పచ్చబడటమేంటే, అవి మొదటినుంచీ మీగడ రంగే. షాపులో దగ్గరుండి ఏరింది నేను," అన్నారు. సబ్బు పెట్టి రుద్దాను, సోడా పెట్టి రుద్దాను, మీగడ మీగడలాగే ఉంది. గెలిచింది ఆయనే. ఆయన చెడ్డ మనిషి కాదు. గెలిచిన మాటని మాత్రం ఊరికే వదలరు. ఎవరు భోజనానికి వచ్చినా గోడ చూపించి, "మా ఆవిడకి తెలుపూ మీగడా ఒకటే, పాపం," అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, బాగానే నవ్వేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడో, ఏ రోజో తెలియదు, "ఏవండీ, ఇది నీలమా నలుపా?" అని అడగడం మొదలుపెట్టాను. అడిగిన ప్రతిసారీ ఆయన సంతోషంగా చెప్పేవారు.

ఎర్ర దీపం ఆకుపచ్చగా మారింది. నా కంటికైతే మారింది. మొదటి ఉమ్ము సింకులోకి వదిలి, చివర గుండ్రటి బ్రష్షు తగిలించి, స్టవ్వు పై వరుసలో ఒక్క టైలుకి గురిపెట్టి మీట నొక్కాను.

జిడ్డు ముందు మెరిసింది. తర్వాత కదిలింది. తర్వాత గోధుమరంగు కన్నీళ్లలా జారడం మొదలెట్టింది. గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను.

తెలుపు.

పాలరాయి తెలుపు కాదు, ముత్యం తెలుపు కాదు, ఆసుపత్రి తెలుపు. చుట్టూ ఉన్న మీగడలో ఊడిన పన్ను తిరిగి వచ్చినట్టు ఒక్క చదరం తెల్లగా నిలబడింది.

నేను స్టూలు దిగాను. మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను. ఎందుకో తెలియదు, కాళ్లకి ఏదో పని కావాల్సి వచ్చింది.

వెంటనే లోపలినుంచి ఒక గొంతు, అది నాదే కానీ ఆయన మాటతీరులో, "ఆవిరి రంగుని తినేసిందేమోలే," అంది. చూశారా, మనిషి ఆఫీసులో ఉన్నా మాట ఇంట్లోనే కాపురం ఉంటుంది. సరే, తేల్చుకుందాం. మీగడ రంగని ఇద్దరమూ ఒప్పుకున్న వస్తువు ఒకటి కావాలి. ఫ్లాస్కు మూత! కొన్నప్పుడు అట్టపెట్టె మీదే రంగు పేరు అచ్చేసి ఉంది. దాన్ని సింకులో పెట్టి బుస్సుమని ఆవిరి పట్టాను. మీగడ. మళ్లీ పట్టాను. మీగడే, ఇంకా శుభ్రమైన మీగడ. తెచ్చి తెల్ల చదరం పక్కన పెట్టాను. చిన్నపిల్లకి చూపించినా చెబుతుంది.

అప్పుడు వచ్చింది నవ్వు. గొంతులో మొదలై భుజాల్లోకి పాకింది. యంత్రం ఒకవైపు బుస్సు, నేను ఒకవైపు కిసుక్కు. ఇంకో టైలు తెలుపు. దాని పక్కది తెలుపు. స్టవ్వు మరలు, కుళాయి మొదలు, కిటికీ రెక్క జారే గాడి, తలుపు గొళ్లెం, ఏది కనబడితే అది. గాడిలోంచి ఒక చచ్చిన చీమల ఊరేగింపు బయటికి వచ్చింది. స్విచ్చిబోర్డు మీదికి కూడా ఎత్తబోయి, కరెంటుకి నీళ్లంటే పడదని గుర్తొచ్చి, దానికి చేతులెత్తి దణ్ణం పెట్టి వదిలేశాను. మూడోసారి నీళ్లు పోసేముందు మూత తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మీట నొక్కి మిగిలిన ఆవిరంతా వదిలేదాకా ఆగాను. ఇంత సంతోషంలో ఉడికిపోవడం నాకిష్టం లేదు.

ఈ చోట ఎవరైనా మనసు గురించి ఏదో అంటారు, పేరుకున్న పొరలనీ అడుగున మెరిసే నిజమనీ. నేను అనను. అది వంటగది గోడ. దాని మీద ఉన్నది నూనె జిడ్డు.

ఫోను మోగింది. ఆయనే.

"ఏమోయ్, ఏం చేస్తున్నావ్? ఆ చప్పుడేంటి?"

"ఆవిరి పడుతున్నానండీ."

"జలుబు చేసిందా?"

"నాకు కాదు, గోడకి."

"చెల్లి ఇచ్చిందా ఆ యంత్రం? చెయ్యి కాల్చుకోకు. అన్నట్టు దారం సంగతి ఏం చేశావు? మూడోది, మరిచిపోకు."

"మీరు చెప్పారుగా."

"ఏంటే, నవ్వుతున్నావా?"

"ఆవిరండీ, గొంతులోకి పోయింది."

చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. తెలుపు! ఒక్క మాట! గోడ ఫొటో తీసి పంపిస్తే చాలు, తొమ్మిదేళ్ల భోజనాలకీ ఒకేసారి బదులు చెప్పినట్టవుతుంది. ఆయన ఒప్పుకుంటారు కూడా. "సరేలే, తెలుపే," అంటారు. అప్పుడు నాకు ఎంత హాయిగా ఉంటుందో ఊహించుకున్నాను. ఊహలోనే ఒక చిన్న ముల్లు తగిలింది. ఆయన తెలుపు అంటే గానీ తెలుపు కాదన్నమాట, ఇంకా.

"సాయంత్రం మీరే చూద్దురుగాని," అని పెట్టేశాను.

గడియారం మూడుంపావు. అయిదు వరసల్లో రెండే తెల్లబడ్డాయి. కింద మూడు వరసలూ మీగడలోనే ఉన్నాయి. చెయ్యి ఇంకా మీట వైపే లాగుతోంది. ఇంకొక్క వరస, ఇంకొక్కటి అంటే అయిదు దాటిపోతుంది. ఆ కుర్చీలో ఆ ఇంకొకావిడ కూర్చుంటుంది, నేను మాత్రం నిగనిగలాడే గోడతో మిగులుతాను. నా సంగతి నాకు తెలుసు. గోడ పూర్తి చెయ్యడం కూడా పారిపోవడమే.

ప్లగ్గు పీకాను. చేతులు కడుక్కుని, మోచేతుల దాకా తుడుచుకుని, కిటికీ గట్టు దగ్గర నిలబడ్డాను. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, పక్కటెముకల్లో ఎక్కడో బుడగలు కడుతోంది. మూడు ఉండల నుంచీ మూడు పోగులు తీసి గుడ్డ మీద పరిచాను. ఒకటోది కాస్త నీలం. మూడోది కాస్త మట్టి. అంత స్పష్టంగా ఉన్నదాన్ని మూడు రోజులు ఎలా చూడలేకపోయానో, మళ్లీ నవ్వొచ్చింది. రెండో పోగు కోసం వెతికాను. లేదు. కింద పడిందేమోనని నేల చూశాను, కాలి వేళ్లు చూసుకున్నాను. వేలితో గుడ్డ నిమిరితే తగిలింది. అది ఉన్నచోటే, నా కళ్లెదుటే ఉంది.

రెండో నంబరు దారం కొస పంటితో కొరికి, సూదిలోకి ఎక్కించాను.