చంకలో తడి కొంగు

నా కొడుకు ఐదు రోజులుగా వాళ్ళ నాన్న ఛాతీ మీదే పడుకుంటున్నాడు. కన్నది నేను, పొదిగేది ఆయన. కుళ్ళుకోనా మరి!

మిర్చి ఏరుతుంటే నొప్పులొచ్చి, ఏడో నెలలోనే పుట్టాడు వాడు. కిలోన్నర కూడా లేడు. ఇంత చిన్న ఒంట్లో కొవ్వుండదు, తన వేడిని తను నిలుపుకోలేడు, చలేస్తే వణకడమూ రాదు అని మానుకోట దవాఖానలో శాంతి సిస్టర్ చెప్పింది. బట్టల్లేకుండా తల్లి రొమ్ముల మధ్య కట్టుకుంటే ఆ వేడే మందట. కానీ కాన్పయిన మర్నాటి నుంచే నాకు జ్వరం. తగ్గేదాకా ముట్టొద్దన్నారు. నా బదులు మా ఆయన కృష్ణ కూర్చున్నాడు. నా పాలు మాత్రం గిన్నెలోకి పిండి పంపేదాన్ని. నేను పిల్లల గది అద్దంలోంచి చూస్తూ, పక్కమంచం ఆవిడ బిడ్డ ఏడ్చినా ఉలిక్కిపడేదాన్ని.

ఆరో రోజు ఇక ఆగలేకపోయాను. సిస్టర్ వచ్చేలోపు కొంగు చల్లనీళ్ళలో ముంచి చంకలో పెట్టుకున్నాను. అడుగుల చప్పుడు వినగానే తీసి తుడుచుకున్నాను.

సిస్టర్ థర్మామీటర్ చూసి, "తొంభై ఎనిమిది! చేతులు కడుక్కొని రా గీతా, ఇయ్యాల నీ కొడుకు నీకే" అంది.

లోపల కృష్ణ చొక్కా గుండీలు విప్పి వాణ్ణి తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు వణుకు మొదలైంది. దొంగకు తేలు కుట్టినట్టు పళ్ళు బిగబట్టుకున్నాను.

"ఏంది, చలి పెడ్తుందా?" అన్నాడు.

"ఏం లేదు. ఇటియ్యి."

ఒళ్ళు కాలుతుంటే ఈ చలేమిటని మొన్న సిస్టర్‌నే అడిగాను. జ్వరంలో మెదడు ఇంకా వేడి కావాలనుకుంటుందట, అందుకే ఒంటిని వణికిస్తుందట. అంటే నా జ్వరం ఇంకా పెరుగుతోంది.

వాడు నా చేతుల దాకా వచ్చాడు. నోరు తెరిచి వెతుకుతున్నాడు. ఒక్క జానెడు దూరం. ప్రాణం లాగేసింది.

"వద్దు" అన్నాను. "నాకు జరం తగ్గలే. అబద్ధమాడిన."

"పిస్స లేసిందా నీకు? పోరనికేమన్నయితే?" సిస్టర్ కేకలేసింది. తిట్టనీ. కృష్ణ వాణ్ణి మళ్ళీ గుండెకు కట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆగి అడిగాను. "వాని నెత్తి వాసన జూసి చెప్పు. ఎట్లుంది?"

కృష్ణ తల వంచి, చాలాసేపు వాసన చూశాడు.

"నువ్వు పిండి పంపిన పాల వాసనే" అన్నాడు.