వాగు విలువ సున్నా

శామియానా కింద కుర్చీలన్నీ కంపెనీవాళ్లకే. కాలనీ వాళ్లం ఎండలో నిలబడ్డాం. ఆ రోజు ప్రజాభిప్రాయ సేకరణ. కాలనీ వెనక మడచెట్లున్న ఉప్పునీటి వాగును పూడ్చి కంటెయినర్ల యార్డు కడతారట.

"నష్టమేమీ లేదు," అన్నాడు కంపెనీ మేనేజరు. "ఇక్కడ పోయే వాగుకు బదులు వాకాడు దగ్గర ఇరవై ఎకరాల్లో మడచెట్లు పెంచుతాం."

చెంచులక్ష్మి ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ వాగులో చేతులతో తడిమి పీతలు పట్టి పిల్లల్ని సాకిన మనిషి.

"మా పీతలు వాకాడు బస్సెక్కి పోతాయా సార్? మేం యాడికి పొయ్యేది?"

జనం నవ్వారు. సభ నడుపుతున్న ప్రభుత్వ అధికారి నవ్వలేదు. సర్వే కాగితం తీసి చదివాడు.

"వాగు మీద బతికే కుటుంబాలు: లేవు. వాగు విలువ: సున్నా. ఇది మీరు చెప్పిందే. కింద వేలిముద్రలు మీవే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలి? పోయినేడు సర్వే వాళ్లు వచ్చినప్పుడు, రాబడి ఉందంటే రేషన్ కార్డు పీకేస్తారని భయపడి కాలనీ అంతా ఒకే మాట చెప్పింది: వాగుతో మాకు పనే లేదు. అట్లా చెప్పమన్నది నేనే. కాలనీ సంఘం కార్యదర్శిని!

సాయంత్రం చర్చి ముందు చేరాం. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ.

"నువ్వు చెప్పబట్టే గదా పోలేరన్నా!" డెబోరా నా మీదికి లేచింది.

"ఆయన్ననేదేంది మే, వేలు మనం పెట్టినాం," అంది చెంచులక్ష్మి. "ఇప్పుడు నిజం చెప్తే కార్డు పోతాది. చెప్పకపోతే వాగు పోతాది. ఏది కావాల?"



"కార్డు బియ్యం పదైదు దినాలకే," అంది డెబోరా. "మిగతా దినాలు సాకేది వాగే గదా."

మర్నాడు పొద్దున వాగు పూడ్చే మట్టి టిప్పర్లు వచ్చేసరికి నలభై మందిమి మోకాటిలోతు నీళ్లలో వంగి పీతలు తడుముతున్నాం. పోలీసులు బయటికి రమ్మని అరిచారు. ఎవరూ నడుమెత్తలేదు. లాఠీలు నీళ్లలోకి దిగాయి. డెబోరా తల పగిలింది. అందరినీ బురదకాళ్లతోనే వ్యానెక్కించారు.

స్టేషన్లో రైటరు రాసుకుంటున్నాడు.

"ఏం పని చేస్తావ్?"

"వాగులో పీతలు పట్టేది," అంది చెంచులక్ష్మి. "సరిగ్గా రాయి సామీ, ఒక్క అక్షరం పోనీబాక."

తలకు చీరకొంగు అదుముకుని డెబోరా అదే చెప్పింది. ఆమె వెనక అందరూ అదే.

అంతలో గేటు దగ్గర గోల. మిగతా కాలనీ అంతా వచ్చి నిలబడింది. మమ్మల్ని వదిలిపెట్టమని ఎవరూ అడగడం లేదు. తమ పేర్లు కూడా రాసుకోమంటున్నారు.