కూత వచ్చేదాకా

కొరాపుట్‌లోని కంటి ఆసుపత్రికి టోకెన్ల యంత్రం తెర తయారుచేసింది సునాబెడ క్వార్టర్స్ అమ్మాయి సుధ. సొంతంగా చేసిన మొదటి పని. ఆసుపత్రి మేనేజరు రామలింగం గారు ఒక్కటే షరతు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండులోగా పదిమంది ఎవరి సాయమూ లేకుండా టోకెన్ తీసుకోవాలి, లేకపోతే యంత్రం వెనక్కి.

పది దాటింది. ఇంకా ఒక్కరూ తీసుకోలేదు.

"సదువుకోనోళ్ళు. వదిలీ సుధా, మన వల్ల కాదు," అన్నాడు ఆమె పైఅధికారి రాకేష్.

సుధకు ఒళ్ళు మండింది. తెరను తిట్టవచ్చు గానీ మనుషుల్ని తిట్టడమేమిటి? బెంచీ లాక్కుని యంత్రం పక్కనే కూర్చుంది. మొహాలు మానేసి చేతులు చూసింది.

మునిగుడ నుంచి వచ్చిన ముసలమ్మ అప్పలకొండమ్మ బొటనవేలు చెంగుకు తుడుచుకుని, తెరకు ఆనించి, అలాగే నిలబడిపోయింది. తెర ఉలకలేదు, పలకలేదు.

సుధకు అప్పుడు వెలిగింది. రేషన్ డిపోలో వేలిముద్ర వేసే పద్ధతి అది. బొటనవేలు పెట్టాలి, యంత్రం కుయ్‌మని కూత వచ్చేదాకా తియ్యకూడదు. తానేమో చటుక్కున తాకి తీసేసే వేళ్ళ కోసం చేసింది. ఎక్కువసేపు ఆనితే పట్టించుకోవద్దని తెరకు చెప్పిందీ తనే. తప్పు తనదని తేలగానే ఆమెకు ధైర్యం వచ్చింది. తన తప్పయితే తనే దిద్దుకోగలదు.

"అరగంట ఇయ్యండి సార్," అంది రామలింగం గారితో.

చిన్న చిన్న బొత్తాలన్నీ తీసేసి, అరచేయంత బొత్తాం ఒక్కటే ఉంచింది. తాకినా పనిచేస్తుంది, ఆనించి ఉంచినా పనిచేస్తుంది. టోకెన్ రాగానే కూస్తుంది.

మొదటి టోకెన్ అప్పలకొండమ్మదే. తీసుకుని కదలకుండా పక్కనే నిలబడి, వెనకవాళ్ళను చూస్తూ ఉంది. తొమ్మిదిమంది అయ్యారు. పన్నెండుకు రెండు నిమిషాలుండగా వరసలో ఎవరూ మిగల్లేదు. రామలింగం గారే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని పదో మనిషిగా నిలబడ్డారు. మసక కళ్ళతో ఎక్కడ నొక్కాలో తెలియక వేలు గాలిలో ఆడించారు.

అప్పలకొండమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "అలా తడువుకుంతావేటి బాబూ? బొటనేలు ఎట్టు. కూతొచ్చీదాకా తియ్యకు."

యంత్రం కూసింది.

"సాయం సేసింది కదా, లెక్కలోకి రాదు," అన్నాడు రాకేష్.

రామలింగం గారు కళ్ళజోడు పెట్టుకుని టోకెన్ చూసుకున్నారు.

"సాయం కావాలిసొచ్చింది నాకు. ఆవిడికి కాదు. యంత్రం ఉండనీ," అన్నారు.